ఏమేం మింగారో ముందు అడగండి

మందు వల్లే కాలేయం దెబ్బతిందని తేల్చి చెప్పే రక్తపరీక్ష ఈ రోజుకీ లేదు. ఎల్‌ఎఫ్‌టీ, అంటే లివర్ పనితీరు చూసే రక్తపరీక్ష, చేయిస్తే దెబ్బతిన్న లివర్ కణాల్లోంచి రక్తంలోకి కారే ఎస్‌జీపీటీ అనే ఎంజైము ఎంత పెరిగిందో, బిలిరుబిన్ ఎంత ఉందో తెలుస్తుంది. అంటే లివర్ కణాలు చస్తున్నాయని తెలుస్తుంది. వాటిని చంపుతున్నది ఏదో ఆ కాగితం చెప్పదు. హెపటైటిస్ ఎ, బి, సి, ఇ కావని చూసుకోవాలి. స్కానింగ్‌లో రాళ్ళు అడ్డుపడలేదని చూసుకోవాలి. తాగుడు సంగతి తెలుసుకోవాలి. ఇలా ఒక్కొక్కటే పక్కన పెట్టుకుంటూ వచ్చాక డాక్టరు రోగిని ఒక మాట అడగాలి: ఈ రెండు మూడు నెలల్లో మీరు ఏమేం వాడారు? మందు వల్ల వచ్చిన కామెర్లకు ఆ ప్రశ్నే అసలు పరీక్ష, రోగి చెప్పే జవాబే రిపోర్టు.

నేను ఫార్మసిస్టును. పాత నల్గొండ జిల్లాలో ఒక మండల కేంద్రంలో మా మెడికల్ షాపు. కౌంటర్ ఇవతల నిలబడి ఇన్నేళ్ళుగా చూస్తున్నదాన్ని బట్టి గట్టిగా చెప్పగలను, మన దగ్గర ఆ ప్రశ్న అడిగేవాళ్ళు తక్కువ. అడిగినా జవాబు చెప్పే వీలు జనానికి లేకుండా చేశాం. మందులు లివర్‌ను పాడు చేస్తాయని భయపెట్టే వీడియోలు ఫోన్ నిండా ఉన్నాయి, వాటికి ఇంకొకటి కలపడం నా ఉద్దేశం కాదు. నా బాధ వేరు. ఏ మందు ఎవరి లివర్‌కు పడదో ముందే కనిపెట్టడం చాలావరకు ఎవరి చేతిలోనూ లేదు. పడలేదని తొందరగా గుర్తించి ఆపడం మాత్రం మన చేతిలో ఉంది. దాన్నే వదిలేస్తున్నాం.

మొన్న ఎండాకాలంలో ఒక అవ్వ వచ్చి, కొంగు ముడి విప్పి న్యూస్‌పేపర్ పొట్లం ఒకటి కౌంటర్ మీద పెట్టింది. లోపల రెండు తెల్ల గోలీలు, విరిగిన పసుపు గోలీ సగం, ఎరుపూ నలుపూ కలిసిన క్యాప్సూల్ ఒకటి.

“గివే ఇంకో నాలుగు దినాలకు ఇయ్యి బిడ్డా. మోకాళ్ళకు మస్తు పనిజేసినయి.”

“ఎవరిచ్చిన్రు అవ్వా? పేరేమన్న జెప్పిండా?”

“పేరు నాకేమెరుక. తెల్లయి పొద్దుగాల, పచ్చది పొద్దుమీకి అన్నడు.”

తెల్లగా గుండ్రంగా ఉండే గోలీ పారాసిటమాల్ కావచ్చు, డైక్లోఫెనాక్ కావచ్చు, స్టెరాయిడ్ కావచ్చు. పసుపుది నిమెసులైడ్ అని నా అనుమానం. కానీ అనుమానం మీద మందు ఇవ్వలేను. నిమెసులైడ్ లివర్‌కు చేటు చేస్తుందని ఫిన్లాండ్, స్పెయిన్ 2002లోనే అమ్మకం ఆపేశాయి, 2007లో ఐర్లండ్ ఆపింది. అమెరికా అసలు అనుమతే ఇవ్వలేదు. మన దేశంలో 2011లో పన్నెండేళ్ళ లోపు పిల్లలకు నిషేధించారు. పెద్దవాళ్ళకు మాత్రం పల్లెల్లో అది ఇప్పటికీ ఒళ్ళునొప్పుల గోలీగా చేతులు మారుతూనే ఉంది. ఆ అవ్వకు రెండు నెలల తర్వాత కళ్ళు పచ్చబడి జిల్లా ఆసుపత్రికి పోయిందనుకోండి. ఏం వాడావు అని డాక్టరు అడుగుతాడు. తెల్లయి రెండు, పచ్చది ఒకటి అని చెబుతుంది. ఆ జవాబుతో ఎంత గొప్ప డాక్టరైనా ఏం చేయగలడు?

ఊళ్ళో ఆర్‌ఎంపీలు ఉండకూడదని నేను అనడం లేదు. అర్ధరాత్రి జ్వరమొస్తే మా ఊళ్ళో తలుపు తీసేది వాళ్ళే. డబ్బాలోంచి గోలీలు పోసి పేరు లేకుండా కాగితంలో చుట్టి ఇవ్వడం ఆపమంటున్నాను. మా షాపుల వాళ్ళదీ తక్కువేమీ కాదు. పది గోలీల స్ట్రిప్‌లో నాలుగు అడిగితే కత్తెరతో కోసి ఇస్తాం. పేరు, గడువు తేదీ ఉన్న ముక్క డబ్బాలోనే మిగిలిపోతుంది. 2023 ఆగస్టు నుంచి బాగా అమ్ముడుపోయే 300 బ్రాండ్లకు క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేశారు, మంచిదే. కోసిన ముక్క మీద ఆ కోడ్ ఉండదు. ఒక్కో గోలీ వెనకాల, ప్రతి గుంట మీదా, మందు పేరు అచ్చువేయమని కంపెనీలకు చెప్పడం పెద్ద ఖర్చు కాదు. తెలుగులో కూడా వేస్తే ఆ అవ్వ మనవరాలు చదివి పెడుతుంది.

ఇక టీబీ మందులు. మన దేశంలో మందుల వల్ల లివర్ దెబ్బతిన్నవాళ్ళ లెక్కలు తీస్తే అన్నిటికంటే ముందుండేవి ఇవే. దేశవ్యాప్తంగా ఆసుపత్రులు కలిసి నమోదు చేసి 2021లో ప్రచురించిన 1,288 కేసుల్లో 46 శాతం దాకా టీబీ మందులవే. మొదటి రెండు నెలలు ఇచ్చే నాలుగు మందుల్లో ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ మూడూ లివర్ మీద భారం వేసేవే. ఇథాంబ్యుటాల్ ఒక్కటే లివర్ జోలికి పోదు, దాని ఇబ్బంది కంటిచూపుతో.

అందరికీ ఒకేలా ఎందుకు జరగదంటే, మనం మింగిన మందు పేగుల్లోంచి రక్తంలో కలిసి ముందుగా చేరేది లివర్‌కే. అక్కడ దాన్ని నీటిలో కరిగేలా మార్చి మూత్రంలోకో పైత్యరసంలోకో పంపేయాలి. ఆ మార్పు ఒక్క అంగలో జరగదు. మధ్యలో పుట్టే పదార్థాలు కొన్ని అసలు మందుకంటే విషం. ఐసోనియాజిడ్ విషయంలో ఆ మధ్య పదార్థాలను చల్లబరిచే ఎంజైము కొందరిలో చురుగ్గా, కొందరిలో మందకొడిగా పనిచేస్తుంది, అది పుట్టుకతో వచ్చేదే. భారతీయుల్లో సగానికి పైగా ఆ ఎంజైము మందకొడిగా ఉన్నవాళ్ళే. దానికి తోడు వయసు, తాగుడు, తిండి చాలక చిక్కిపోయిన ఒళ్ళు, ముందే ఉన్న హెపటైటిస్ బి. టీబీ ఎక్కువగా ఎవరికి వస్తుందో తెలిసినవాళ్ళకు ఈ జాబితా చూస్తే గుండె బరువెక్కుతుంది. ఎందుకంటే మనుషులు వాళ్ళే.

మా చిన్నాయనకు టీబీ అని తేలినప్పుడు మందులు ఉచితంగానే వచ్చాయి. బరువు చూసి రోజుకు ఎన్ని గోలీలో లెక్క కట్టి ఇచ్చారు. వేసుకున్నావా మామా అని ఆశా కార్యకర్త ఇంటికొచ్చి అడిగేది. ఒక్కటి మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆకలి చచ్చిపోయినా, అన్నం చూస్తే వాంతికొచ్చినా, కడుపులో కుడిపక్క పైన బరువుగా ఉన్నా, కళ్ళు పచ్చబడినా అదే రోజు వచ్చి చెప్పాలని. చెప్పింది ఏమిటంటే, మూత్రం ఎర్రగా వస్తుంది, భయపడొద్దు అని. ఆ మాట నిజమే. రిఫాంపిసిన్ వేసుకుంటే మూత్రం నారింజ రంగులోకి మారుతుంది, దానికి భయపడి మందు మానేస్తారని ముందే చెబుతారు. అయితే కామెర్లు వచ్చినా మూత్రం ముదురు రంగులోనే వస్తుంది. అందరికీ తెలిసిన ఆ గుర్తును ఒక మందు కప్పేస్తున్నప్పుడు మిగతా గుర్తులు ఇంకా గట్టిగా చెప్పాలి కదా.

చిన్నాయన తిండి మానేశాడు. మందులు వేడి చేశాయంది మా చిన్నమ్మ. మజ్జిగ పోసింది, సబ్జా గింజల నీళ్ళు ఇచ్చింది, రాగిజావ కాచింది. మన ఇళ్ళల్లో ఈ ‘వేడి’ అనే మాట కింద నోరు చేదవడం నుంచి వాంతుల దాకా అన్నీ సర్దుకుపోతాయి. ఒక పొద్దున ఎండలో మంచం వేసుకుని కూర్చున్నప్పుడు కూతురు చూసింది, కళ్ళు పసుపు తిరిగాయని. పక్క ఊరికి తీసుకుపోయి పసరు తాగించారు. ఉప్పు, నూనె, పప్పు బంద్ అన్నారు. చిన్నాయన మంచి రోగి, ఎవరు ఏది చెబితే అది చేసే మనిషి. పరగడుపున పసరూ తాగాడు, టీబీ గోలీలూ తప్పకుండా వేసుకున్నాడు. లివర్‌ను కాలుస్తున్న మందు రోజూ లోపలికి పోతూనే ఉంది. ఇద్దరు వైద్యాల వాళ్ళూ ఒకరి సంగతి ఒకరు అడగలేదు.

చెల్లెలు ఫోన్ చేసి చెప్పిన రోజే హైదరాబాద్ తీసుకుపోయాం. అక్కడ డాక్టరమ్మ ముందు గోలీలన్నీ ఆపించింది. పసరు సంగతి చిన్నాయన దాచబోతే, తిట్టకుండా, ఏం ఆకు, ఎన్ని రోజులు అని నిదానంగా అడిగింది. ఆమె అడిగిన తీరు వల్లే ఆయన నోరు విప్పాడు. కొన్ని వారాలకు పరీక్షలు మామూలయ్యాక ఒక్కో మందే మొదలుపెట్టి, మధ్యమధ్య రక్తం చూస్తూ, పైరజినమైడ్ వదిలేసి కోర్సు పొడిగించి పూర్తి చేయించారు. పద్ధతి ఇదే, పుస్తకాల్లో ఉన్నదే. లక్షణాలు ఉండి ఎస్‌జీపీటీ మామూలు కంటే మూడు రెట్లు దాటినా, లక్షణాలు లేకపోయినా ఐదు రెట్లు దాటినా మందులు ఆపాలి. మళ్ళీ ఒక్కొక్కటిగా మొదలుపెట్టాలి. దాని కోసం కొత్త కనిపెట్టడాలేమీ అక్కర్లేదు. మొదటి రెండు నెలలూ వారానికోసారి ఆ ఆశా కార్యకర్త ‘వేసుకున్నావా’తో పాటు ‘అన్నం తింటున్నావా, వాంతికొస్తుందా, కళ్ళు చూపించు’ అని అడిగితే చాలు.

ఐసోనియాజిడ్ ఈ పని చేస్తుందని వైద్యలోకం ఒప్పుకోవడానికి కూడా చాలా కాలం పట్టింది. 1952 నుంచి వాడకంలో ఉన్న మందు అది. టీబీతో చిక్కిన మనిషికి, ఇంకో రెండు మందులతో కలిపి ఇస్తుంటే, వచ్చిన కామెర్లు ఎవరి పాపమో ఎవరూ తేల్చుకోలేకపోయారు. 1970లో అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో, క్యాపిటల్ హిల్ ఉద్యోగుల్లో టీబీ కేసులు బయటపడితే, సోకి ఉండవచ్చన్న 2,321 మందికి ముందుజాగ్రత్తగా ఐసోనియాజిడ్ ఒక్కటే ఇచ్చారు. వాళ్ళు ఆరోగ్యంగా తిరిగే మనుషులు. అందులో 19 మందికి లివర్ జబ్బు చేసింది, ఇద్దరు చనిపోయారు. వేరే ఏ కారణం మీదకూ నెట్టేందుకు వీలు లేకపోయింది. ఆ తర్వాతే అక్కడ ఆ మందు వేసుకునేవాళ్ళను నెలనెలా పిలిచి లక్షణాలు అడగడం పద్ధతిగా మారింది.

పసరు దగ్గరికి మళ్ళీ వస్తాను, ఎందుకంటే ఇక్కడే నాతో చాలామంది వాదిస్తారు. మా తాతకు తగ్గింది, మా బావమరిదికి తగ్గింది అంటారు. తగ్గే ఉంటుంది, అబద్ధం కాదు. మన ఊళ్ళల్లో కామెర్లు ఎక్కువగా నీళ్ళ వల్ల వచ్చే హెపటైటిస్ ఎ, ఇ. అవి చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతట అవే పోతాయి. ఆ వారాల్లో ఏది తాగితే దానికే పేరు వస్తుంది. పసరు ఇచ్చే పెద్దమనిషి డబ్బు తీసుకోకుండా, పొద్దున్నే లేచి ఆకు తెంపుకొచ్చి నూరి ఇస్తాడు. ఆయన మంచితనం మీద నాకు ఏ అనుమానమూ లేదు. కానీ కామెర్లు అనేది జబ్బు కాదు, గుర్తు. వైరస్ వల్ల వచ్చిందా, రాయి అడ్డుపడిందా, మందు వల్ల వచ్చిందా అన్నది కళ్ళ రంగు చూసి ఆయనకు తెలియదు, నాకూ తెలియదు. మందు వల్ల వచ్చిన కామెర్లలో గడిచే ఒక్కో రోజూ ఖరీదైనదే. లివర్ కణాలు చచ్చి కామెర్ల దాకా వెళ్ళిన మందుజబ్బులో కనీసం పదిమందిలో ఒకరి ప్రాణానికి ముప్పని హైమన్ జిమ్మర్‌మన్ అనే అమెరికన్ వైద్యుడు ఎప్పుడో లెక్క తేల్చాడు. కొత్త మందులకు అనుమతి ఇచ్చేటప్పుడు ఇప్పటికీ ఆ సూత్రాన్నే పట్టుకుని చూస్తారు.

ఆకుమందులకు సైడ్ ఎఫెక్టులు ఉండవన్న నమ్మకం కరోనా కాలంలో ఎంత దూరం తీసుకుపోయిందో గుర్తు చేసుకోండి. తిప్పతీగ కషాయం తాగని ఇల్లు లేదు. రోగనిరోధక శక్తి పెరుగుతుందన్నారు. నెలన్నర, రెండు నెలలు రోజూ తాగినవాళ్ళలో కొందరు కామెర్లతో ఆసుపత్రులకు చేరారు. ముందు ముంబై వైద్యులు ఆరుగురి గురించి రాశారు. 2022లో హైదరాబాద్ వైద్యులు ముందుండి, దేశంలో 13 ఆసుపత్రుల నుంచి 43 మంది వివరాలు ప్రచురించారు. చాలామందిలో కనిపించింది, ఒంటి రక్షణ వ్యవస్థే తన లివర్ మీద తిరగబడినట్టుండే రకం. నిరోధక శక్తిని రెచ్చగొట్టే మూలిక ఆ పని చేయడంలో ఆశ్చర్యం లేదు. ఇలా ఒంటి రక్షణ వ్యవస్థే తిరగబడి వచ్చే థైరాయిడ్ లాంటి జబ్బు లోపల ముందే ఉన్నవాళ్ళకు ముప్పు ఎక్కువ. ఆయుష్ మంత్రిత్వశాఖ ఒప్పుకోలేదు, వేరే తీగను చూసి తిప్పతీగ అనుకుని ఉంటారని అంది. పేరు, జాతి, ఎంత మోతాదు అన్నది రాసిపెట్టే అలవాటు ఉంటే ఆ వాదన అంతసేపు సాగేది కాదు. తిప్పతీగ అందరికీ విషం అని నేను అనను. లక్షలమంది తాగి ఏమీ కాకుండా ఉన్నారు. ఐసోనియాజిడ్ కూడా అంతే కదా, ఎక్కువమందికి ఏమీ కాదు. రెండిటికీ ఒకటే కొలత పెట్టమంటున్నాను.

జిమ్‌కు పోయే కుర్రాళ్ళ స్టెరాయిడ్లు, సన్నబడటానికి మింగే గ్రీన్ టీ సారం గోలీలు, కొరియర్‌లో వచ్చే పేరు తెలియని చూర్ణాలు కూడా ఇదే వరసలోకి వస్తాయి. డాక్టరు ‘మందులేమైనా వాడుతున్నారా’ అంటే వీటిని ఎవరూ మందులుగా చెప్పరు. అందుకే ప్రశ్న ‘ఏం మందులు’ అని కాకుండా ‘ఏమేం మింగారు’ అని ఉండాలి.

పారాసిటమాల్ గురించి రెండు మాటలు, ఎందుకంటే మా షాపులో రోజూ అమ్ముడయ్యేది అదే. పెద్దవాళ్ళు రోజంతా కలిపి 4 గ్రాములు దాటకూడదు. ఎవరు దాటుతారు అనిపిస్తుంది. జ్వరానికి డోలో 650 మూడు పూటలా వేసుకుంటే 1,950 మిల్లీగ్రాములు. జలుబుకు సినరెస్ట్ మూడు పూటలా వేసుకుంటే అందులో 500 చొప్పున 1,500. ఒళ్ళునొప్పులకు జెరోడాల్ పీ రెండు పూటలా అంటే 325 చొప్పున 650. మొత్తం 4,100. మూడు వేరువేరు డబ్బాలు, మూడు వేరువేరు జబ్బులకు, లోపల ఉన్నది మాత్రం ఒకటే. పారాసిటమాల్‌లో చిన్న భాగం లివర్‌లో విషంగా మారుతుంది, గ్లూటాథయోన్ అనే పదార్థం దాన్ని వెంటనే అణచేస్తుంది. రోజూ తాగేవాళ్ళలో ఆ విషం ఎక్కువ తయారవుతుంది, తిండి లేక నాలుగు రోజులుగా పడుకున్నవాళ్ళలో గ్లూటాథయోన్ అడుగంటి ఉంటుంది. జ్వరంలో తిండి తినేదెవరు? అమెరికాలో లివర్ హఠాత్తుగా చేతులెత్తేసే కేసుల్లో దాదాపు సగం పారాసిటమాల్‌వే. మన దగ్గర ఆ స్థాయిలో లేదు, నిజం చెప్పాలి. దీనికి ఎన్-ఎసిటైల్ సిస్టీన్ అనే విరుగుడు ఉంది, తొలి గంటల్లో ఇస్తే లివర్‌ను కాపాడుతుంది. కానీ అది ఇవ్వాలంటే ఎవరో ఒకరు అడిగి లెక్క కట్టాలి.

మందుల నుంచి కాసేపు బయటికి వస్తాను. లివర్‌కు మనం కొని మింగినదీ, తెలియక తిన్నదీ ఒకటే. దీనికి నేను చదివినవాటిలో మనసులో నిలిచిపోయిన ఉదంతం మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలది. 1974 చివర్లో రాజస్థాన్‌లోని బాంస్‌వాడా, గుజరాత్‌లోని పంచమహల్ ప్రాంతాల్లో 200కు పైగా గ్రామాల్లో జనం కామెర్లతో పడిపోయారు. ముందు జ్వరం, వాంతులు. తర్వాత కళ్ళు పచ్చబడడం, పొట్టలో నీరు చేరడం, కాళ్ళ వాపు. 397 మందికి జబ్బు చేస్తే 106 మంది పోయారు. మామూలుగా అయితే నీళ్ళ వల్ల వచ్చిన హెపటైటిస్ అని రాసేసి, క్లోరిన్ బిళ్ళలు పంచి వచ్చేసేవారు.

అక్కడికి వెళ్ళినవాళ్ళు ఇళ్ళల్లోకి పోయి చూశారు. మనిషి నుంచి మనిషికి అంటుకుంటున్న జబ్బులా లేదు. జొన్నరొట్టెకు బదులు మొక్కజొన్నే ప్రధాన ఆహారమైన గిరిజన కుటుంబాల్లోనే వస్తోంది. ఇంకొక సంగతి గమనించారు. ఆ ఇళ్ళల్లో మిగిలిన రొట్టె తినే కుక్కలకు కూడా కామెర్లు, పొట్ట ఉబ్బడం. మనుషులూ కుక్కలూ కలిసి తింటున్నది ఏమిటని గాదెలు తెరిపించారు. ఆ ఏడాది కోతకు ముందు అదను తప్పి వాన పడింది. తడిసిన కంకులు సరిగా ఆరకుండానే నిల్వకు చేరాయి, బూజు పట్టింది. బూజు వేసిన ఆ గింజల్లో, ఆ బూజు తయారుచేసే అఫ్లటాక్సిన్ అనే విషం కిలోకు 6 నుంచి 15 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఇప్పుడు మన దేశంలో తిండిగింజలకు ఒప్పుకునే హద్దు కిలోకు 15 మైక్రోగ్రాములు. అంటే ఆ జనం తిన్నది దానికి వందల రెట్లు. తినడానికి ఇంకో గింజ లేక, బూజు కనిపిస్తున్నా తిన్నారు. 1975లో ఆ పరిశోధన లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చయింది. మందుల వల్ల రాని ఈ జబ్బుకు కారణం తేల్చింది ఖరీదైన యంత్రం కాదు, ఏం తిన్నారు, ఇంకెవరు తిన్నారు అని ఇల్లిల్లూ తిరిగి అడగడం. గింజల పరీక్ష ఆ తర్వాతి మాట.

దాదాపు ఆ కాలంలోనే మధ్యభారతంలోని సర్గుజా ప్రాంతంలో ఇంకో జబ్బు. పొట్టలో నీరు, లివర్ వాపు, 67 మందిలో 28 మంది మరణం. చిరుధాన్యంలో కలిసిపోయిన ఒక కలుపు మొక్క గింజలు, గిలిగిచ్చ జాతివి, లివర్‌లోని సన్నటి రక్తనాళాలను మూసేశాయని తేలింది. అదీ పూర్తిగా ప్రకృతి నుంచి వచ్చినదే.

వేరుశనగ పండించే అనంతపురం, మొక్కజొన్న పండించే కరీంనగర్, మిర్చి ఎండబెట్టే గుంటూరు, ఈ మూడు చోట్లా అఫ్లటాక్సిన్ తెలియని రైతు ఉండకూడదు. కోతకు ముందు ఎండ దెబ్బ, కోత తర్వాత తడి, ఈ రెండూ ఆ బూజుకు అనుకూలం. ముడుచుకుపోయిన, రంగు మారిన పల్లీలు ఏరి పారేస్తే విషంలో పెద్ద భాగం పోతుంది. వాటినే నూనెకు వేసి, చెక్క గేదెలకు పెడితే పాలలోకి వస్తుంది. 1974లో లాగా ఒక్కసారిగా జనం పడిపోకపోవచ్చు. కొద్దికొద్దిగా ఏళ్ళ తరబడి తింటే వచ్చేది లివర్ క్యాన్సర్, అందులోనూ హెపటైటిస్ బి ఉన్న మనిషికి ఆ ముప్పు ఎన్నో రెట్లు. ఏళ్ళ తర్వాత వచ్చే జబ్బుకు ఏ పల్లీ కారణమో ఎవరూ చెప్పలేరు, అందుకే అది ఎవరి లెక్కలోకీ రాదు.

అదే 1974లో, జనవరిలో, అమెరికాలోని లూయివిల్‌లో బి.ఎఫ్.గుడ్‌రిచ్ వారి పీవీసీ ఫ్యాక్టరీ నుంచి ఒక వార్త బయటికి వచ్చింది. అక్కడి కార్మికుల్లో కొందరు ఆంజియోసార్కోమా అనే లివర్ క్యాన్సర్‌తో చనిపోయారు. కోట్లమందిలో ఏ కొద్దిమందికో వచ్చే క్యాన్సర్ ఒకే ఫ్యాక్టరీలో వరసగా రావడం ఆ ఫ్యాక్టరీ కార్మికులకు వైద్యం చేసే డాక్టర్ జాన్ క్రీచ్ కంట పడింది. పీవీసీకి ముడిసరుకైన వినైల్ క్లోరైడ్ వాయువు నడిచే పెద్ద పాత్రల లోపలికి దిగి గీకి శుభ్రం చేసే మనుషులు వాళ్ళు. అప్పటిదాకా గాలిలో 500 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 500 పాళ్ళు) దాకా ఫర్వాలేదని ఉన్న హద్దును అదే ఏడాది 1 పీపీఎంకు తగ్గించారు. ఆ క్యాన్సర్ అంత అరుదైనది కాకపోయి ఉంటే, లేదా ఆ డాక్టరు నువ్వేం పని చేస్తావు అని అడగకపోయి ఉంటే ఎంతకాలం పట్టేదో.

జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ ఫార్మా ప్లాంట్లలో మా ఊరి పిల్లలు ఎందరో పనిచేస్తున్నారు. పండక్కి వచ్చినప్పుడు షాపుకొచ్చి గ్యాస్ గోలీ అడుగుతారు. డీఎంఎఫ్ అనే ద్రావకం అక్కడ వాడుకలో ఉన్నదే. అది పీలిస్తేనే కాదు, చర్మం మీద పడినా ఒంట్లోకి పోతుంది, లివర్‌ను వాచేలా చేస్తుంది. దాన్ని ముట్టుకున్న రోజు సాయంత్రం మద్యం తాగితే మొహం ఎర్రగా కమిలి గుండె దడ పుడుతుంది, అది ఒక గుర్తు. ఎస్‌జీపీటీ పెరిగిన కుర్రాడు డాక్టరు దగ్గరికి పోతే తాగుతావా అని ఒక్కటే అడిగి పంపించేస్తారు. తాగుతాను అంటాడు. ఇంక అంతే, ప్రశ్నలు అయిపోయినట్టే. చేతికి గ్లౌజులు ఇస్తున్నారా, డ్రమ్ములు ఎవరు కడుగుతారు, నీతో పనిచేసే ఇంకెవరికైనా ఇలా ఉందా అని అడిగేవాళ్ళు లేరు. కార్మికుడి లివర్ పాడైతే తప్పు ఎప్పుడూ సీసాదే అన్నట్టు నడుస్తోంది, దీని మీద నాకు నిజంగా కోపం ఉంది.

నాకు ఎదురయ్యే పెద్ద అభ్యంతరం టీబీ విభాగంలో పనిచేసే మిత్రుల నుంచి వస్తుంది. ప్రపంచంలోని టీబీ కేసుల్లో నాలుగో వంతు మన దేశంలోనివి. లివర్ అని భయపెడితే జనం కోర్సు మధ్యలో మానేస్తారు, మొండి టీబీ అవుతుంది, అది ఇంకా ఎక్కువమందిని చంపుతుంది అంటారు. వాళ్ళ భయం అర్థం చేసుకోగలను, ఆ బాధ్యత వాళ్ళ మీద ఉంది. కానీ మానేసేవాళ్ళను నేను కౌంటర్ దగ్గర చూస్తున్నాను. ఎవరూ ముందుగా చెప్పనందుకే మానేస్తున్నారు. వాంతులు మొదలైతే ఏం చేయాలో, ఎవరికి ఫోన్ చేయాలో తెలియదు. నాలుగు రోజులు ఓర్చుకుని, ఐదో రోజు డబ్బా మూలన పెట్టి, ఆశా అడిగితే వేసుకున్నానని అబద్ధం చెబుతారు. లక్షణం ముందే చెప్పి, అది వస్తే గోలీ ఆపి ఆ రోజే రమ్మని చెప్పిన మనిషి భయపడడు, వస్తాడు. చిన్నాయన మందులు ఆపింది డాక్టరు, మళ్ళీ మొదలుపెట్టిందీ డాక్టరే. అందుకే ఆయన కోర్సు పూర్తయింది.

టైమ్ లేదన్నది రెండో మాట. ఓపీలో రెండు నిమిషాలకో రోగి. అది నిజం, దానికి డాక్టరును తిట్టడం నాకు ఇష్టం లేదు. అయితే ఈ ప్రశ్న డాక్టరే అడగాలని లేదు. ఓపీ చీటీ రాసే చోట నర్సు అడగవచ్చు, ఏఎన్ఎం అడగవచ్చు, మేము అడగవచ్చు. మా షాపులో నేను అడుగుతాను, నొప్పుల గోలీ కోసం వచ్చినవాళ్ళను టీబీ మందులు, ఫిట్స్ మందులు వాడుతున్నారా అని, జలుబు మందు అడిగితే ఇంట్లో డోలో వేసుకుంటున్నారా అని. కొందరు విసుక్కుంటారు. ఇస్తే ఇయ్యి, లేకుంటే లేదు అని పక్క షాపుకు పోయినవాళ్ళూ ఉన్నారు.

మీ ఇంట్లో ఎవరికైనా కళ్ళు పచ్చబడితే ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు ఒక కవరు పట్టుకుపోండి. వాడుతున్న గోలీలే కాదు, అయిపోయిన స్ట్రిప్‌లు, పొట్లం కాగితం, చూర్ణం డబ్బా, కషాయం కాచుకున్న తీగ ముక్క, పసరు తాగి ఉంటే ఇచ్చినాయన ఊరి పేరు, ఫోన్ నంబరు. తిప్పతీగ కేసులప్పుడు రోగుల ఇళ్ళ నుంచి తెప్పించిన నమూనాలను పరీక్షకు పంపగలిగారంటే, ఎవరో వాటిని పారేయకుండా ఉంచబట్టే. డాక్టరు అడగకపోయినా కవరు తీసి టేబుల్ మీద పెట్టండి. ఎప్పుడు మొదలుపెట్టారో, ఎప్పుడు ఆపారో తేదీలు కూడా చెప్పండి. కవరులో ఏముందో దానికన్నా ఆ తేదీలే చాలాసార్లు ఎక్కువ పనికొస్తాయి.